ఒరిజినల్ గారి కారులో పాట

ఆ ఆదివారం ఉదయం ఒరిజినల్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కారులోని కాసెట్ ప్లేయర్ చేత పాడించాలి, పాత కార్ల పోటీకి వెళ్ళి కప్పు పట్టుకు రావాలి. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. "నా బండిలో ప్రతి నట్టూ ఒరిజినలే" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆ పేరు సంపాదించుకున్నారు.

ఫ్యాక్టరీలోనే బిగించిన ఆ ప్లేయర్ మాత్రం ఏళ్ళ తరబడి మూగనోము పట్టింది. పోటీ నియమమేమో బండితో వచ్చినవన్నీ ఉండాలి, అన్నీ పనిచేయాలి. కిందటేడు చేతిదాకా వచ్చిన కప్పు దీని మూలంగానే జారిపోయింది. "పీకి పారేసి కొత్తది పెట్టించుకో బావా" అన్నందుకు బావమరిదితో ఆయన కొన్నాళ్ళు మాటలు కూడా మానేశారు.

ప్లేయర్ బయటికి రావాలంటే ముందు యాష్‌ట్రే ఊడాలి. అది ఊడాలంటే గేరు చుట్టూ ఉన్న పలక ఊడాలి. చూస్తూండగానే కారు ముందు భాగమంతా వెనక సీట్లోకి చేరింది. తీరా చూస్తే ప్లేయర్‌ను తిప్పే బెల్టు కరిగి జిగురైపోయింది. ఆయన గబగబా ఇంట్లోకి వెళ్ళి, అద్దం ముందున్న భార్య జడ చివరి రబ్బరు బ్యాండు లాగేసుకున్నారు.

"ఇది కూడా ఒరిజినలేనా?" అందావిడ, విడిపోతున్న జడ పట్టుకుని.

"లోపలున్నది ఎవడికి కనబడుతుందే!"

అంతా తిరిగి బిగించాక గుప్పెడు మరలు మిగిలాయి. వాటిని జేబులో వేసుకుని మీట నొక్కారు. ముందు వైపర్లు ఊగాయి. తర్వాత కాసెట్ తిరిగింది గానీ చప్పుడు లేదు. స్పీకరుకు వెళ్ళే తీగ డిక్కీలో తెగి ఉంది. ఆవిడ డిక్కీలో దూరి రెండు కొసలూ కలిపి పట్టుకోగానే పాత ప్రేమపాట ఒకటి మొదలైంది.

ఒరిజినల్ గారికి కళ్ళు చెమర్చాయి. "నా బంగారం!" అన్నారు. ప్లేయర్‌ను.

తీగ అతికించే వ్యవధి లేదు. జడ్జి వచ్చి వెళ్ళేదాకా ఆవిడ డిక్కీలోనే కూర్చుని పట్టుకునేట్టు, మూత కాస్త తెరిచి ఉంచేట్టు ఒప్పందం కుదిరింది. పోటీ మైదానంలో బావమరిది ఆ సందు చూశాడు.

"జడ్జి వస్తుంటే డిక్కీ వెయ్యవేంటి బావా?" అంటూ ధబ్బున మూసేశాడు.

ఆయన నోరు తెరిచేలోపే జడ్జి ఎక్కి కూర్చున్నాడు. పాట మొదలైంది. పల్లవి మధ్యలో రబ్బరు బ్యాండు జారింది, టేపు పేగుల్లా బయటికొచ్చింది, పాట ఆగిపోయింది. ఒరిజినల్ గారి పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో, ఆగినచోటి నుంచే పాట మళ్ళీ అందుకుంది.

ఆయన టేపును అరచేత్తో కప్పేశారు. ఆ గొంతు ఆయనకు తెలుసు. ప్లేయర్ మూగబోయిన ఇన్నేళ్ళూ ఈ కారులో పాడింది ఆ గొంతే.

"వాయిద్యాలు ఆగిపోయాయేంటి?" అన్నాడు జడ్జి.

"ఈ ముక్కలో ఉండవండి."

"కాస్త తగ్గించండి." ఆయన మీట తిప్పారు, పాట తగ్గింది. "చరణం దాకా జరపండి." ఆయన ఇంకో మీట నొక్కారు. వెనక నుంచి కీచుకీచుమని చప్పుడు, ఆ వెంటనే చరణం.

జడ్జి తల ఊపాడు. "కప్పు మీదేనండీ. గొప్పంతా ఈ మిషన్‌ది! పాడినావిడది ఏదో మామూలు గొంతు, దీంట్లో ఎంత బాగా వినిపిస్తోందో!"

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట అది. బుర్ర ఊపితే సరిపోయేది. ఆయనకు మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.

"మామూలు గొంతా?"

విసురుగా దిగి డిక్కీ తెరిచారు. జుట్టు విరబోసుకుని, మోకాళ్ళు ముడుచుకుని, తీగలు వదలకుండా ఆవిడ ఇంకా పాడుతూనే ఉంది.

"ఇదిగో, ఆ గొంతు మా ఆవిడది!" అన్నారు మైదానమంతా వినబడేలా. "ప్లేయర్ పాడలేదు. దాంట్లో రబ్బరు బ్యాండు కూడా ఈవిడదే!"

"అక్కా! నేను మూసేసింది నిన్నా?" బావమరిది లబోదిబోమన్నాడు.

కప్పు పక్క బండికి వెళ్ళింది. జనం మాత్రం ఈ బండి దగ్గరే మూగి, పాట మొత్తం పాడించుకున్నారు. పాట అయ్యేదాకా ఒరిజినల్ గారు ఆవిడ పక్కనే రొమ్ము విరుచుకుని నిలబడ్డారు.

"ఎందుకు చెప్పారండీ? చేతికొచ్చిన కప్పు!" అందావిడ తిరుగుదారిలో.

"మామూలు గొంతంటే విని ఊరుకోమంటావా?"

ఆవిడ నవ్వి ఇంకో పాట అందుకుంది. ఎండలో వైపర్లు ఊగుతూనే ఉన్నాయి.

ఇంటికి రాగానే ఆయన ప్లేయర్‌ను మళ్ళీ విప్పారు, ఆవిడ రబ్బరు బ్యాండు ఆవిడకు ఇచ్చేయడానికి.