మూడో సొరుగులో నీలాచలం

జపాను చెక్కబీరువా ఇంటికొచ్చిన పదకొండో రోజున నీలాచలం గారిని నాలుగు మడతలు పెట్టి మూడో సొరుగులో సర్దేశారు. పై సొరుగులో పట్టుచీరలు, కింది సొరుగు ఇంకా ఖాళీ. పక్కన రెండు కలరా ఉండలు వేసి, సొరుగు మీద ఆయన పేరు రాసిన చీటీ అంటించారు. నొప్పేమీ లేదు.

సర్దింది భార్య సత్యవేణి. విశాఖ అపార్టుమెంట్లలో ఈమధ్య ఏ హాల్లో చూసినా ఈ బీరువాలే. జపానువాళ్లు వాటిలో కిమోనోలు దాచుకుంటారట. మనవాళ్లు మూతల్లేని డబ్బాలూ డబ్బాల్లేని మూతలూ దాచి, హాలు ఖాళీ అయితే చాలు, జన్మ ధన్యమైనట్టు మురిసిపోతున్నారు. ఇల్లు సర్దిపెట్టే సలహాదారొకామె వచ్చి ఒక్కో వస్తువునీ తాకుతూ, "ఆర్నెల్లుగా దీన్ని దేనికి వాడారు?" అని అడిగింది. మిక్సీ గట్టెక్కింది. కుంటి స్టూలు కూడా గట్టెక్కింది, దానిమీద ఎక్కి బూజులు దులుపుతారు. నీలాచలం భుజం తాకినప్పుడు సత్యవేణి నిజాయితీగా చాలాసేపు ఆలోచించింది. ముప్పై ఏళ్లు పోర్టులో సరుకు పేర్పించిన మనిషి కనక, ఎలా మడిస్తే తక్కువ చోట్లో పడతాడో నీలాచలమే చెప్పారు. అడక్కుండానే చెప్పారు.

నవంబరులో, పింఛనుదారు బతికే ఉన్నాడని రాసుకోవడానికి పింఛను ఆఫీసు నుంచి ధర్మారావు వచ్చాడు. నీలాచలం ఆ రోజుకోసమే కాచుకుని ఉన్నారు. గవర్నమెంటు మనిషి కళ్లారా చూశాక బయటికి తియ్యక తప్పదని ఆయన ఆశ. ఒక్కసారి బాల్కనీలో నిలబడి సముద్రం చూడాలి, అంతే.

"ఆయనున్నారాండీ?"

"మూడోదాంట్లో ఉన్నారండి. మెల్లగా లాగండి, పాలిష్ పోద్ది."

ధర్మారావు సొరుగు లాగి, మడతల్లోంచి బొటనవేలు వెతికి ముద్ర వేయించుకున్నాడు.

"బాబూ, నన్ను బయటికి తియ్యమని ఒక్క ముక్క రాయండి," అన్నారు నీలాచలం.

ధర్మారావు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బతికున్నారా లేదా అనే ఉందండి. ఎక్కడున్నారని అడగలేదు."

"రేపు పత్రికవాళ్లు మన ఖాళీ హాలు ఫొటోలకి వస్తన్నారండీ," అంది సత్యవేణి భర్తతో. "ఇప్పుడు మిమ్మల్ని తీస్తే హాలంతా మీరే కనబడతారు. అదయ్యాక చూద్దాం లెండి."

నీలాచలానికి ఒళ్లు మండింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. సోఫాలో కూర్చున్న రోజుల్లో కూడా ఈ ఇంట్లో తననెవరూ ఏమీ అడిగింది లేదని గుర్తొచ్చింది. ఇక్కడ కనీసం పేరు రాసిన చీటీ ఉంది. సొరుగు అంచు పట్టుకుని తనే లోపలికి లాక్కున్నారు.

ఆ బీరువా పనితనం అంత గట్టిది, ఒక సొరుగు మూస్తే లోపలి గాలి మరోదాన్ని బయటికి తోస్తుంది. నాలుగో సొరుగు మెల్లగా తెరుచుకుని ధర్మారావు మోకాళ్ల దగ్గర ఆగింది. వచ్చే మార్చిలో అతనూ రిటైరవుతున్నాడు. ఫారం చంకలో పెట్టుకుని, వంగి, ఆ ఖాళీని జానలతో కొలుచుకున్నాడు.

"మా ఆవిడ కూడా ఇలాంటిదే చూసొచ్చిందండి," అన్నాడు. "చీటీలు షాపువాళ్లే ఇస్తారా, మనమే రాసుకోవాలా?"