రెండో భాగానికి ఊసరవెల్లి

ఒక పెద్ద అడవిలో జంతువులు సినిమాలు తీయడం మొదలుపెట్టిన రెండో ఏడాదికే ఒక సినిమా వందరోజులు ఆడింది. దాని పేరు ‘వాగు దాటిన పులి’.

కథ చిన్నదే. వాగుకు అవతల ఒక దుప్పిపిల్ల రేచుకుక్కల మధ్య చిక్కుకుంటుంది. ఇవతల ఉన్న పులి వాగు మీంచి దూకి దాన్ని కాపాడుతుంది. పులి దుప్పిపిల్లను కాపాడటమేమిటని మొదటి రోజు దుప్పులన్నీ నవ్వుకున్నాయి. మర్నాడు అవే పిల్లాపాపలతో వచ్చి కూర్చుని, సుద్దకొండ గోడ మీద బొమ్మ కదులుతుంటే ముక్కులు ఎగబీలుస్తూ చూశాయి.

ఆ సినిమా తీసింది ఉడుము నాంచారమ్మ. ఆవిడ ఏదైనా పట్టుకుందంటే వదిలే రకం కాదు. హీరో పులి రుద్రమూర్తి చేత ఆ వాగు ఇరవైమూడు సార్లు దూకించింది. చివరికి సినిమాలో ఉంచింది మాత్రం నాలుగోసారి దూకినదాన్ని. అందులో దూకేముందు రుద్రమూర్తి ఒక్క క్షణం ఆగుతాడు. ముందుకాలు నీళ్ళకు తగలగానే వెనక్కి వస్తుంది. చెవులు వాలిపోతాయి. ఆ తర్వాతే దూకుతాడు.

అడవంతా అది గొప్ప నటన అనుకుంది. నిజానికి రుద్రమూర్తికి నీళ్ళంటే చచ్చేంత భయం. కూనగా ఉన్నప్పుడు ఒకసారి వరదలో కొట్టుకుపోయి, మూడు రోజులు ఒక చెట్టుకొమ్మను కరచుకుని బతికాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జనం చప్పట్లు కొడుతున్న ప్రతిసారీ, తన గుట్టు ఎవరో గోడకెక్కించినట్టు ఆయన ఒళ్ళు ముడుచుకునేది.

నిర్మాత ఏనుగు ఏకాంబరం రెండో భాగం తీస్తున్నట్టు ప్రకటించాడు. నాంచారమ్మే తీస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కూడా అలాగే అనుకుని, మంచి చోటు కోసం వాగు పొడుగునా తిరగడం మొదలుపెట్టింది.

ఇంతలో రుద్రమూర్తి తన మేనేజరు నక్క కనకలింగాన్ని వెంటబెట్టుకుని ఏకాంబరం దగ్గరికి వచ్చాడు. పులి తల వంచుకుని కూర్చుంటే మాట్లాడిందంతా నక్కే. మొదటి భాగంతో బాబు స్థాయి పెరిగిందని, ఆ స్థాయికి తగిన దర్శకుడు కావాలని, నాంచారమ్మగారు మంచివారే గాని పెద్ద సినిమా మోయలేరని చెప్పాడు. పోయిన ఏడాది అంత సినిమా మోసింది కదా అని ఏకాంబరం అనబోయి, పులి ముఖం చూసి ఊరుకున్నాడు.

ఏకాంబరం మంచివాడు. ఎవరికీ కాదని చెప్పలేడు. పులికీ చెప్పలేకపోయాడు, నాంచారమ్మకూ చెప్పలేకపోయాడు. అందుకని దర్శకుడి ఎంపిక కోసం ఒక కమిటీ వేశాడు. అందులో తను, రుద్రమూర్తి, కనకలింగం, ఫైట్ మాస్టరు అడవిపంది అంకినీడు సభ్యులు.

నాంచారమ్మను కూడా అందరిలాగే దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆవిడ ఒక టేకాకు మీద ‘మొదటి భాగం నేనే తీశాను’ అని ఒక్క ముక్క రాసి పంపింది. అనుభవం వివరాలు సరిగా లేవని కమిటీ దాన్ని పక్కన పెట్టింది.

ముందుగా నెమలి వచ్చాడు. ఫైట్లన్నీ వానలోనే తీస్తానన్నాడు. వాన పడేదాకా ఏం చేద్దామని అడిగితే ఎదురుచూద్దామన్నాడు. తర్వాత ఎలుగుబంటి వచ్చి రెండు గంటలు కథ చెప్పాడు. అందులో హీరో తేనెపట్టు కోసం కొండెక్కుతాడు, తేనె తాగుతాడు, దిగుతాడు. ఫైటెక్కడని అంకినీడు అడిగితే తేనెటీగలు ఉన్నాయి కదా అన్నాడు.

చివరికి ఊసరవెల్లి సర్వేశం వచ్చాడు. అతను అంతవరకూ సినిమా తీయలేదు గాని, సినిమాలు తీస్తున్న చోటల్లా కొమ్మ మీద కనిపించేవాడు. అసలు కనిపించేవాడో లేదో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు.

సినిమా అంటే బరువుండాలి, పది కుటుంబాలు కలిసి చూసేలా ఉండాలి అన్నాడు ఏకాంబరం. సర్వేశం ఒళ్ళు మెల్లగా బూడిదరంగుకు తిరిగింది. బరువు లేనిది సినిమాయే కాదని, ఏనుగుల మంద లేని సన్నివేశం తన కంటికి ఆననే ఆనదని చెప్పాడు. మొదటి భాగంలో ఒక్క చెట్టూ కూలలేదని అంకినీడు వాపోయాడు. సర్వేశం బురదరంగుకు వచ్చి, నలభై చెట్లు కూల్చేద్దామన్నాడు. ప్రతి బొమ్మలోనూ హీరో ఉండాలని కనకలింగం అన్నాడు. హీరో లేనప్పుడు కెమెరా మూసేద్దామన్నాడు సర్వేశం, ఈసారి నక్క రంగులో.

రుద్రమూర్తి ఒక్క మాటే అడిగాడు. “హీరో భయపడే సీను ఏమన్నా ఉంటుందా?”

సర్వేశం ఆయన ముఖంలోకి చూశాడు. ఒంటి మీద పసుపు, దాని మీద నల్లటి చారలు తేలాయి.

“హీరోకి భయమేమిటండీ. ఆ మాటే నా నోట రాదు.”

అతను వెళ్ళిపోయాక, కుర్రాడు అచ్చం నాలాంటివాడు అని ఏకాంబరం అన్నాడు. కాదు నాలాంటివాడు అని అంకినీడు అన్నాడు. సర్వేశం ఎంపిక ఏకగ్రీవం. కమిటీ వేస్తే ఎంత చక్కగా పని జరుగుతుందో చూశారా అని ఏకాంబరం అందరికీ చెరుకు ముక్కలు పంచాడు.

నాంచారమ్మకు కృతజ్ఞతలు తెలుపుతూ ఒక ఆకు పంపారు. రెండో భాగం ఆడేటప్పుడు ముందు వరసలో చోటు ఇస్తామని దాని మీద ఉంది. ఆవిడ అది చదివి, వాగు ఒడ్డున తన బండ ఎక్కి ఎండలో పడుకుంది. అడిగినవాళ్ళకు నాకేం బాధ లేదంది. రెండు రోజులు మాత్రం ఏమీ తినలేదు.

షూటింగ్ మొదలైంది. సర్వేశం ఎవరినీ కాదనలేదు. కెమెరా ఎక్కడ పెట్టమంటారని కెమెరామన్ కొండముచ్చు అడిగితే, నీకెక్కడ బాగుంటే అక్కడ అన్నాడు. ఏకాంబరం బంధువులు ఇరవైమంది ప్రతి సన్నివేశంలోనూ వెనకాల నిలబడ్డారు. పులి ఒంటరిగా గుహలో కుమిలిపోయే సన్నివేశంలో కూడా నిలబడ్డారు. అంకినీడు ఎగువన ఫైటు పెట్టి, సర్వేశం మాటిచ్చినట్టే నలభై చెట్లు కూల్చాడు. అవన్నీ వాగులో అడ్డం పడ్డాయి. దుంగల వెనక నీళ్ళు నిలిచిపోయాయి. అటు ఎవరూ చూడలేదు, హీరో ఇటు ఉన్నాడు కాబట్టి.

ఆఖరి ఘట్టం రోజు అందరూ దిగువన వాగు దగ్గర చేరారు. రుద్రమూర్తి మొదటి భాగంలోకన్నా వెడల్పయిన చోట దూకాలి. తీరా చూస్తే వాగులో చుక్క నీరు లేదు. ఇసుక తెల్లగా మెరుస్తోంది.

కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. రుద్రమూర్తి తోక కొస సంతోషంతో ఊగడం కొండముచ్చు చూశాడు. కనకలింగానికి ఒక ఆలోచన వచ్చింది. బాబు వాగు దాటడం పాత ముచ్చట. ఈసారి బాబును చూడగానే వాగే భయపడి ఇంకిపోయిందని చూపిద్దాం. బాబు ఇసుకలో నెమ్మదిగా నడిచి రావాలి. ఇంతకన్నా గొప్ప ఆలోచన తను వినలేదని సర్వేశం అన్నాడు.

నాంచారమ్మ బండ మీంచి దిగి అతని దగ్గరికి వచ్చింది. పుట్టినప్పటి నుంచీ ఈ వాగు ఒడ్డునే ఉన్నానని, వేసవిలో కూడా ఇది ఎండి ఎరగదని, ఎగువన ఏదో అడ్డుపడి ఉంటుందని చెప్పింది.

“అది తెగితే ఒక్కసారిగా వచ్చేస్తుంది బాబూ. ఇవాళ్టికి ఆపు. పైన ఏముందో చూసి రమ్మను.”

సర్వేశం ఉడుము రంగుకు తిరిగి, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజమండీ అన్నాడు. ఆవిడ హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది. ఇటునుంచి కనకలింగం వచ్చి, ఎండ తగ్గిపోతోంది, కానివ్వండి అన్నాడు. అదీ నిజమేనని సర్వేశం మొదలుపెట్టించాడు.

రుద్రమూర్తి ఇసుకలో దిగి ఠీవిగా నడవసాగాడు. సగం దూరం వచ్చాడో లేదో ఏనుగుల చెవులు నిక్కబొడుచుకున్నాయి. పైన ఎక్కడో దుంగలు విరిగిన చప్పుడు. మలుపు దగ్గర మట్టిరంగు నీళ్ళు గోడలా లేచి కనబడ్డాయి.

ఇప్పుడేం చేయాలని అందరూ దర్శకుడి వైపు తిరిగారు. కొమ్మ మీద ఆకులు తప్ప ఏమీ లేవు. సర్వేశం పచ్చగా మారి వాటిలో కలిసిపోయాడు.

రుద్రమూర్తి పరుగెత్తవచ్చు. పరుగెత్తలేకపోయాడు. చెవులు వాలిపోయాయి, నాలుగు కాళ్ళూ ఇసుకలో పాతుకుపోయాయి. అడవంతా వినేలా “అమ్మా” అన్నాడు. అంతలో నీళ్ళు ఆయన్ను ఎత్తి ఒడ్డుకేసి కొట్టి, మళ్ళీ లోపలికి లాగాయి.

నాంచారమ్మ బండ అంచుకు పాకింది. నాలుగు కాళ్ళ గోళ్ళూ రాతి పగుళ్ళలో దిగేసి, తోకను నీళ్ళలోకి వదిలింది.

“నా తోక పట్టుకో. పట్టుకుని ఇటు చూడు. నీళ్ళకేసి చూడకు.”

ఆయన పట్టుకున్నాడు. పులి బరువూ వాగు వేగమూ కలిసి లాగుతుంటే ఆవిడ గోళ్ళు రెండు ఊడాయి. పట్టు మాత్రం సడలలేదు. అన్ని సన్నివేశాల్లోనూ ఊరికే నిలబడ్డ ఏకాంబరం బంధువులకు ఆ సినిమాలో మొదటిసారి ఒక పని దొరికింది. వాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడి, తొండానికి తొండం కలిపి, రుద్రమూర్తిని గట్టుకు లాగారు.

కెమెరా ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి కొండముచ్చు ఆపలేదు.

అందరూ హడావుడి చేసి వెళ్ళిపోయాక రుద్రమూర్తి తడిసిన ఒంటితోనే ఆవిడ పక్కన బండ మీద కూర్చున్నాడు.

“నాంచారమ్మగారూ, మిమ్మల్ని వద్దన్నది నేనే.”

“తెలుసు నాయనా.”

“నాకు నీళ్ళంటే భయం. ఇరవైమూడు సార్లు దూకిస్తే, భయపడ్డదాన్నే ఏరి నలుగురికీ చూపించారని కోపం.”

నాంచారమ్మ ఊడిన గోళ్ళ చోట నాలుకతో తుడుచుకుంది.

“భయం లేనివాడు దూకితే చూడ్డానికేముంది. తక్కిన ఇరవైరెండు సార్లూ పులి వాగు దాటింది, అంతే. ఆ నాలుగోసారి నువ్వు వణుకుతూ కూడా ఆ పిల్ల కోసం దూకావు. నేను దుప్పిని కాదు, అయినా నాకు ఏడుపొచ్చింది.”

రుద్రమూర్తి మర్నాడు పొద్దున్నే ఏకాంబరం దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, నిన్న జరిగినదంతా ఉన్నదున్నట్టు సినిమాలో ఉంచమన్నాడు. తన కేక కూడా తీసేయవద్దన్నాడు. బాబు స్థాయి ఏమైపోతుందని కనకలింగం గుండెలు బాదుకున్నాడు. నేను అరిచింది నా గొంతుతోనే కదా, ఉండనివ్వండి అన్నాడు రుద్రమూర్తి.

సినిమా విడుదలైంది. మొదటి ముప్పాతిక భాగం అడవి హాయిగా నిద్రపోయింది. చెట్లు కూలే చప్పుడుకు కొందరు పిల్లలు ఉలిక్కిపడి లేస్తే తల్లులు జోకొట్టారు. చివర్లో నీళ్ళు వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. పులి “అమ్మా” అన్నప్పుడు రేచుకుక్కలు కూడా ఏడ్చాయి. నూట ఇరవై రోజులు ఆడింది.

ఉత్తమ దర్శకుడి బహుమానం సర్వేశానికి వచ్చింది. ఆ రోజు అతను బంగారురంగులో ఉన్నాడు. భయమే హీరోకి అసలైన అందమని తను మొదటినుంచీ నమ్మానని వేదిక మీద చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న నాంచారమ్మ నవ్వాపుకోలేక దగ్గు వచ్చినట్టు నటించింది. పక్కనే ఉన్న రుద్రమూర్తికి కూడా దగ్గు వచ్చింది.

మూడో భాగం నాంచారమ్మగారు తీస్తేనే చేస్తానని రుద్రమూర్తి తేల్చి చెప్పాడు. ఏకాంబరం తానే స్వయంగా ఆవిడ బండ దగ్గరికి వచ్చి, జరిగినదానికి నొచ్చుకుని, కాళ్ళావేళ్ళా పడి అడిగాడు. ఆవిడ సరేనంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఈసారి ఏ విషయానికీ కమిటీ ఉండకూడదు.

ఏకాంబరం పొంగిపోయాడు. ఇంత మంచి షరతు ఎవరూ పెట్టలేదన్నాడు. ఆ షరతు సరిగా అమలవుతోందో లేదో చూడటానికి వెంటనే నలుగురితో ఒక కమిటీ వేశాడు. అధ్యక్షుడిగా సర్వేశాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

నీతి: పనిని ఎప్పుడూ అందరికీ నచ్చినవాడికే అప్పగించాలి, అది చెడిపోయినప్పుడు తప్పెవరిదని వెతుక్కునే శ్రమ ఉండదు.