గొంతు కోసం ప్రార్థించండి

దగ్గితే తడిసే జబ్బును మించిన వరం ఆడజన్మకు ఇంకొకటి లేదు! ముఖం చిట్లించకండి. మా బోధన్ హెప్సిబా సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

హెప్సిబాకు నలభై దాటాయి. ఇద్దరు పిల్లల తల్లి. మెథడిస్టు చర్చి క్వయర్‌లో ముందు వరుస ఆమెది. పైస్థాయి అందుకుందంటే కిటికీ మీది పావురాలు లేచిపోయేవి, మైకు చూసుకునే అతను పరుగున వచ్చి సౌండ్ తగ్గించేవాడు. రెండో కాన్పు తర్వాత, ఆ గొంతు పైకి వెళ్లినప్పుడల్లా కింద ఇంకేదో జారడం మొదలైంది. తుమ్మితే రెండు చుక్కలు. నవ్వితే నాలుగు. నీళ్ల బిందె ఎత్తితే లెక్కే లేదు.

దాంతో ఎంత క్రమశిక్షణ వచ్చిందనుకున్నారు! ఎవరైనా జోకు వేస్తే పళ్లు బిగబట్టేది. ‘ఎంత గంభీరమైన మనిషి’ అని సంఘంలో పేరొచ్చింది. బోధన్ నుంచి నిజామాబాద్ దాకా ఏ పెట్రోలు బంకులో బాత్రూం ఉందో, ఏ తలుపుకు గడియ ఊడిందో ఆమెకు కంఠతా వచ్చు. స్పీడ్ బ్రేకర్ సంగతి బస్సు డ్రైవర్ కంటే ముందే ఆమెకు తెలిసేది. నవీపేటలో చుట్టాల పెళ్లంటే ముందురోజు నుంచే నీళ్లు బంద్. ఇంత పొదుపరి పౌరురాలు ఏ మున్సిపాలిటీకి దొరుకుతుంది?

ఒకసారి ధైర్యం చేసి అత్త బాలవ్వతో అన్నది. బాలవ్వ చేతిలోని చేట దించకుండానే తేల్చేసింది.

“పిల్లల కన్నంక గిట్లనే ఉంటది. మేం గనలేదా? మామూలే. ఓర్సుకో.”

మామూలు! ఎంత చక్కటి మాట! ఆఫీసుల్లో మామూలంటే ఏమిటో మీకు తెలియనిదా? తీసుకునేవాడు సిగ్గుపడడు, ఇచ్చుకునేవాడు బయటికి చెప్పడు. ఇదీ అంతే.

క్రిస్మస్ ప్రాక్టీసులో పాట మంచి ఊపు మీదున్నప్పుడు చీర తడిసింది. హెప్సిబా పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. నవ్వు మానుకోగలిగింది, ప్రయాణాలు మానుకోగలిగింది. పాట మానుకోవడమంటే మాత్రం ప్రాణం పోయినట్టే. అయినా పాస్టరుగారితో “గొంతు పోయిందండి” అని చెప్పి క్వయర్ మానేసింది. సంఘమంతా మోకరించి ఆమె గొంతు కోసం ప్రార్థించింది. ఒకరు మిరియాల కషాయం తెచ్చారు, ఇంకొకరు లవంగాలు. దేవుడు వినడని కాదు, అడ్రసు తప్పిచ్చారు మరి!

అదే ఇంట్లో, షటిల్ ఆడి భర్త విజయ్ పాల్ భుజం పట్టేసింది. ఆ భుజం ఎంత పుణ్యం చేసుకుందో! పక్కింటి సత్తవ్వ నూనె పంపింది. చుట్టాలు వరుసగా ఫోన్లు చేశారు. పాస్టరుగారు స్వయంగా వచ్చి చేతులుంచి ప్రార్థన చేశారు. మర్నాడే నిజామాబాద్‌లో ఫిజియోథెరపీ. తోడుగా హెప్సిబా వెళ్లింది, గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా.

అక్కడి ఫిజియోథెరపిస్టు లాస్య, వర్ని దగ్గర క్యాంపు అని పిలిచే వలస ఊళ్లో స్థిరపడ్డ ఆంధ్ర రైతుల పిల్ల. విజయ్ పాల్ చెయ్యి పైకెత్తి గగ్గోలు పెడుతుండగా హెప్సిబాకు తుమ్మొచ్చింది. కాళ్లు మెలేసుకుని, కుర్చీ పట్టుకుని తుమ్మింది. లాస్య గమనించింది. ఆయనను మెషిన్ దగ్గర పడుకోబెట్టి, ఆమెను పక్కగదిలోకి పిలిచింది.

“తుమ్మితే యూరిన్ పడుతోందాండీ అక్కా?”

హెప్సిబా తల దించుకుంది. “శాన ఏండ్లాయె మేడం. మామూలేనట గద?”

“చాలామందికి ఉంటుందండీ. అంతమాత్రాన భరించాలని ఎవరన్నారు? పొత్తికడుపు అడుగున ఊయల గుడ్డలాగా కండరాలుంటాయి. మూత్రసంచినీ గర్భసంచినీ అవే మోస్తాయి. కాన్పుల్లో సాగి బలహీనపడతాయి. మీ ఆయన భుజానికి ఉన్నట్టే వాటికీ కసరత్తు ఉంది.”

“ఫిజియో అంటే మోకాళ్లకు, నడుములకే అనుకున్న.”

“అక్కడున్నదీ కండేగదండీ!”

ముందు లేడీ డాక్టరు దగ్గరికి పంపి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుంది. తర్వాత తనే పరీక్షించింది. కొందరికి ఆ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయట, వాళ్లకు వదలడం నేర్పాలట. హెప్సిబావి నీరసించాయి. లోపలికి, పైకి బిగించడం, కాసేపు ఆపడం, పూర్తిగా వదలడం నేర్పింది. తుమ్ముకు ముందే బిగించమంది. నీళ్లు మానేస్తే ఇంకా పాడవుతుందని మందలించింది.

విజయ్ పాల్ కసరత్తు ఇల్లంతా చూసేది. హెప్సిబాది ఎవరి కంటా పడేది కాదు. కూర కలుపుతూ చేసేది, బస్సులో చేసేది. ఆదివారం ప్రసంగం సాగేకొద్దీ ఆమె కండరాలు బలపడేవి! మధ్యలో దగ్గు పట్టుకుని కథ మళ్లీ మొదటికొచ్చింది. విసుగొచ్చి మానేస్తానంది. “నెలలు పడుతుందండీ, వదలకండి” అని లాస్య ఫోనులో గదమాయించింది.

వానలు తగ్గాక ఒక ఆదివారం హెప్సిబా మళ్లీ ముందు వరుసలో నిలబడి పైస్థాయి అందుకుంది. చీర పొడిగానే ఉంది. గొంతు బాగుపడినందుకు పాస్టరుగారు స్తుతి చెప్పించారు. హెప్సిబా గట్టిగా ఆమెన్ అంది.

మధ్యాహ్నం బాలవ్వ ఆమెను వంటింట్లోకి లాగింది. “నీకు ఎట్ల తగ్గిందే?”

“ఓర్సుకోమంటిరి గద అత్తమ్మ. మీకు ఓర్సుకుంటె పోలేదా?”

“యాడ పోయింది బిడ్డ!” అంది బాలవ్వ. “నవ్వుడే మర్సిపోయిన.”

మర్నాడు అత్తాకోడళ్లు తయారయ్యారు. విజయ్ పాల్ చాయ్ తాగుతూ యాడికని అడిగాడు. హెప్సిబా మొదటిసారి ఆ మాట ఇంట్లో పైకి అనేసింది.

“అత్తమ్మకు ఉచ్చ ఆగుతలేదు. నాక్కూడ ఆగకుండె, కసరత్తుతోని తగ్గింది. లాస్య మేడం తాన్కి పోతున్నం.”

కప్పు గాల్లోనే ఆగింది. ఇల్లు మాత్రం కూలలేదు. పైకప్పు ఎక్కడిదక్కడే ఉంది.

“అవ్వా! గిదెప్పటి సంది? నాకెందుకు చెప్పలే?”

బాలవ్వ చెప్పుల్లో కాళ్లు దూర్చి వెనక్కి తిరిగింది.

“నువ్వు పుట్టినప్పటి సంది రా. ఎన్నడన్న అడిగినవా?”