నాలుగు రోజుల బడి, మిగతా రోజుల మర్యాద

ఆ శుక్రవారం పొద్దున నరసింహమూర్తి గారు వేసుకున్న పథకం బహు చిన్నది. కాఫీ తాగడం, వీధి అరుగు మీద పడక్కుర్చీ వేసుకోవడం, సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చోవడం. బడిపంతులుకి ఇందులో మొదటి రెండూ సులువే.

నిడదవోలు దగ్గర కాలవగట్టు ఊళ్లో ఆయనదో చిన్న ప్రైవేటు బడి. పెట్టిందీ ఆయనే, హెడ్మాస్టరూ ఆయనే, లెక్కల మాస్టారూ ఆయనే. గొంతు కూడా మామూలు గొంతు కాదు. పన్నెండో ఎక్కం చెప్పిస్తుంటే కాలవ అవతల మేస్తున్న గేదెలు తలలూపేవి. పదమూడో ఎక్కంలో ఒక గేదె తప్పుచోట తలూపిందనీ, దాని యజమాని సిగ్గుపడి సంతలో అమ్మేశాడనీ కూడా చెప్పుకుంటారు. గేదెని మనం చూడలేదు కాని గొంతు విన్నాం, కాబట్టి నమ్మొచ్చు.

అలాంటి గొంతు ఈ మధ్య బొంగురుపోయింది. రాజమండ్రి డాక్టరు గారు నోట్లోకి లైటు వేసి చూసి, "వారంలో సగం రోజులు మాట్లాడ్డం మానెయ్యండి మాస్టారూ. గుసగుస కూడా పనికిరాదు. లేదంటే ఇక ఎప్పటికీ మాట్లాడే పనుండదు" అన్నారు. గొంతు పోయిన పంతులని ఊళ్లో తెలిసిందా, మర్నాడే టౌను స్కూళ్ల పసుపు బస్సులు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. అందుకని ఆ రహస్యం భార్య వరహాలక్ష్మి గారికీ, డ్రిల్లు మాస్టారు ఆరోన్‌కీ తప్ప మూడో మనిషికి తెలియనివ్వలేదు. రోజుకో గంట పెంచి, బడిని వారానికి నాలుగు రోజులు చేసేశారు. శుక్ర, శని, ఆదివారాలు సెలవు.

తల్లిదండ్రుల మీటింగులో మాత్రం ఇంకోలా చెప్పారు. "ఇదంతా పిల్లల మేలుకేనండి. మూడు రోజులు ఇంటిపట్టున ఉంటే పనీపాటా నేర్చుకుంటారు. అమ్మా నాన్నలతో నాలుగు మాటలు మాట్లాడతారు."

"ఆయ్, మంచి మాటండి" అన్నాడు కొబ్బరి రైతు అప్పారావు. "మా వాడు తోటలో కాయలు పోగెయ్యడానికి అక్కరకొస్తాడు."

కవలపిల్లల తల్లి వీరవేణి లేచింది. "నాలుగు రోజులు మీరు చెప్పింది మూడు రోజులు ఫోను చూసి మర్చిపోతారండి. పైగా మధ్యాన్నం ఇంకో వంట. లాభం బడికీ, నష్టం నాకూనా మాస్టారూ?"

"నష్టం విత్తనమమ్మా, లాభం పంట" అన్నారు నరసింహమూర్తి గారు. ఎవరికీ అర్థం కాలేదు గనక అందరూ ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం వీరవేణి ఇంటికి పోతూ మాస్టారి గుమ్మం దగ్గర ఆగింది. "మూడు రోజులు ఆ ఇద్దరితో నేనెలా వేగనండీ అమ్మగారూ?"

"దానికేం భాగ్యం వీరవేణీ, మా ఇంటికి పంపు" అన్నారు వరహాలక్ష్మి గారు.

మా వైపు గుమ్మం దగ్గర ఇలా పిలవడం ఒక మర్యాద. ఆవిడ పిలవాలి, ఈవిడ "ఎందుకండి మీకు శ్రమ" అనాలి, అంతటితో ఇద్దరూ సంతోషంగా ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు పోవాలి. వీరవేణి తన వంతు మాట చక్కగా అన్నది. కాని వరహాలక్ష్మి గారిది కోనసీమ పుట్టిల్లు, ఒకసారి పిలిచి ఊరుకునే మనిషి కాదు. "శ్రమేంటి, వాళ్లు మన పిల్లలు కారూ" అని రెండోసారి పిలిచారు. "పంపకపోతే నా మీద ఒట్టే" అని మూడోసారి పిలిచారు. మూడో పిలుపు తరవాత కాదంటే పిలిచిన మనిషిని అవమానించినట్టే. వీరవేణి ఇరుక్కుపోయింది.

పక్క గుమ్మాల్లో ఉన్నవాళ్లు ఇదంతా విననే విన్నారు. ఒకరి పిల్లల్ని పిలిచి ఇంకొకరి పిల్లల్ని పిలవకపోతే ఏం బాగుంటుంది? వరహాలక్ష్మి గారు ఇంటింటికీ మూడేసి సార్లు పిలుచుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి, కాళ్లు పట్టేసి తిరిగొచ్చారు. మర్యాదకి పిలిచినదానికి ఎవరొస్తారులే అని భర్తకి చెప్పనే లేదు.

అందుచేత ఆ శుక్రవారం మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టేసరికి కవలలు గేటు ఎక్కి ఊగుతున్నారు. వాళ్ల వెనక వీధి వీధంతా వస్తోంది. ఆ వెనక అప్పారావు, ఒక చేత్తో కొడుకునీ, భుజం మీద పనసకాయనీ మోసుకుంటూ.

నరసింహమూర్తి గారు భార్యకేసి గుడ్లురిమి చూశారు.

"నన్నలా చూడకండి. నేనెవర్నీ రమ్మన్లేదు. పిలిచానంతే" అన్నారావిడ.

"ఒట్టి చేతుల్తో పంపితే బాగోదని కాయ తెచ్చానండి" అన్నాడు అప్పారావు. "ఏంటి మాస్టారండీ, పలకరేంటి? కోపమాండి?"

రహస్యం కాపాడాలి, మర్యాదా కాపాడాలి. వరహాలక్ష్మి గారు తొందరలో నోటికొచ్చింది అనేశారు. "ఆయనకి శుక్రవారం మౌనవ్రతమండి."

ఆ పూట పనసపొట్టు ఆవ పెట్టి వండి, పిల్లలతోపాటు అప్పారావుకీ విస్తరేశారు. కాయ తెచ్చిన మనిషిని తినకుండా పంపడం ఆ ఇంటా లేదు, వంటా లేదు. అతను ఊళ్లోకి వెళ్లి రెండు సంగతులు చెప్పాడు. ఒకటి కూర. రెండోది వ్రతం.

మర్నాడు శనివారం. ఆ వ్రతం శనివారం కూడా ఉందని చెప్పాల్సొచ్చింది. పై శుక్రవారానికి అరటి గెలలు, గుమ్మడికాయలు, కందల బుట్టలు దిగాయి. మౌనంలో ఉన్న గురువు తల మీద చెయ్యి పెడితే లెక్కలొస్తాయని ఎవరో అన్నారట. పిల్లలు వరస కట్టారు. వాళ్ల వెనక, ఎప్పుడో లెక్కలు తప్పిన తండ్రులూ కట్టారు. ఏది తెచ్చినా వండక తప్పదు, వండాక తెచ్చినవాళ్లకి పెట్టక తప్పదు, తిన్నవాళ్లు పై వారం మళ్లీ ఏదో ఒకటి తేక తప్పదు. వీధిలో షామియానా లేచింది. పిల్లల్ని అదుపు చెయ్యడానికి ఆరోన్ మాస్టారు విజిలుతో వచ్చి, అరగంటలో విజిలు పక్కన పెట్టి పులిహోర వడ్డిస్తూ కనిపించాడు.

మాస్టారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని, గొంతు ఒక్కటీ దక్కితే చాలు స్వామీ అని కోరుకొండ నరసింహస్వామికి దణ్ణం పెట్టుకున్నారు. ఆ దణ్ణం చూసి మరో నలుగురు ఆడవాళ్లు కొబ్బరికాయలు కొట్టారు.

అదే సమయానికి కవలల్లో ఒకడు పెరట్లో నూతి గట్టెక్కి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండోవాడు వాడి చొక్కా పట్టుకు లాగుతున్నాడు. ఆరోన్ చేతిలో విజిలు లేదు, గరిటె ఉంది.

"దిగరా వెధవా!"

కాలవ అవతల గేదెలు అలవాటు కొద్దీ తలలెత్తాయి. కుర్రాడు గట్టు దిగిపోయాడు. ఆ కేకతోపాటు మాస్టారి గొంతూ వెళ్లిపోయింది. తరవాత ఎంత పెగల్చబోయినా గాలి తప్ప ఏమీ రాలేదు.

"అయ్యబాబోయ్, మా వాడి వల్ల వ్రతం భంగమైపోయింది" అని వీరవేణి నెత్తి కొట్టుకుంది.

నరసింహమూర్తి గారు ఆరోన్‌కేసి చూసి, చెప్పెయ్యమన్నట్టు చెయ్యూపారు. ఆరోన్ గరిటె కింద పెట్టాడు.

"వ్రతం లేదు, ఏం లేదండి. సార్‌కి గొంతు జబ్బు. విశ్రాంతి లేకపోతే మాట పోతుందన్నారు డాక్టరు. ఆ విశ్రాంతి కోసమే నాలుగు రోజుల బడి పెట్టారు. తెలిస్తే మీరంతా పిల్లల్ని టౌనుకి పంపేస్తారని చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆయన చెప్పలేరు గనక నేను చెబుతున్నాను."

నరసింహమూర్తి గారు తల దించుకున్నారు. పసుపు బస్సులు వీధి మలుపు తిరుగుతున్నట్టే అనిపించిందాయనకి.

"అదేం మాటండి" అంది వీరవేణి. "మీరు నోరు తెరవక్కర్లేదు. అలా ఓసారి చూస్తే చాలు, మా వాళ్లు ఎక్కం అప్పజెప్పేస్తారు. ఎక్కడికీ పంపం."

"అసలీ ముక్క ముందే చెప్పాలి కదండి" అన్నాడు అప్పారావు. "నేను మాత్రం ఇష్టపడి పంపానా? తోటలో కాయలన్నీ అలాగే పడున్నాయి. అమ్మగారు మూడుసార్లు పిలిచాక పంపకపోతే ఏం బాగుంటుందని పంపానండి."

"నేను మాత్రం వస్తారని పిలిచానా?" అన్నారు వరహాలక్ష్మి గారు. తరవాత ఆ మాటకి ఆవిడే నాలిక్కరుచుకున్నారు.

మొదట నవ్వింది వీరవేణి. ఆ తరవాత అందరూ నవ్వారు. ఇక శుక్ర శనివారాల్లో ఎవరూ ఆ ఇంటి గడప తొక్కకూడదని అక్కడికక్కడే తీర్మానమైంది. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పథకం ఇన్నాళ్లకి ఫలించింది.

అందరూ చెప్పులేసుకుంటున్నారు. అప్పారావు మాత్రం గుమ్మంలో ఆగాడు.

"ఇన్నాళ్లూ మా పిల్లలు మీ ఇంట్లో తిన్నారండి. వచ్చే శుక్రవారం మీ దంపతులు మా ఇంటికి భోజనానికి రావాలండి."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. అప్పారావు రెండోసారి పిలిచాడు. మాస్టారు రెండు చేతులూ ఊపారు. అప్పారావు మూడోసారి పిలిచాడు. ఇక చేసేది లేక మాస్టారు బతిమాలుతూ దణ్ణం పెట్టేశారు.

"ఒప్పుకున్నారండి" అన్నాడు అప్పారావు వీధికేసి తిరిగి.

అయితే శనివారం మాకు అంది వీరవేణి. పై శుక్రవారం మాకని వెనకాల ఇంకెవరో అన్నారు. ఒకరింటికి వెళ్లి ఇంకొకరింటికి వెళ్లకపోతే ఏం బాగుంటుంది? నెమ్మదిగా మాట రావడం మొదలెట్టాక ఇంకో చిక్కొచ్చింది. ప్రతి ఇంట్లోనూ పెరుగన్నం దగ్గర "గొంతెలా ఉందండి మాస్టారూ?" అని అడిగేవారు. అడిగినదానికి వివరంగా చెప్పకపోతే మర్యాద కాదు.

డాక్టరు గారు మళ్లీ లైటు వేసి చూసి, ముందుకంటే అధ్వాన్నంగా ఉందన్నారు. ఆ పై సోమవారం బడి గోడ మీద నల్లబల్లకి నోటీసు అంటించారు. హెడ్మాస్టరు గారి ఆరోగ్య కారణాల వల్ల బడి ఇకనుంచి వారానికి ఆరు రోజులూ నడుస్తుంది, ఎక్కాలు ఆరోన్ మాస్టారు చెప్పిస్తారు, హెడ్మాస్టరు గారు కూర్చుని చూస్తారు.

ఊరివాళ్లు అర్థం చేసుకున్నారు. భోజనాలు ఆదివారానికి మార్చారు.