కమిట్ చేయని పెళ్లి

ఆ రోజు సన్నీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే తూంకుంటలోని ఫంక్షన్ హాలుకు వెళ్లాలి. మధ్యాహ్నానికల్లా అక్కడి బుకింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్ష ముగించాలి. ఆ తర్వాత హాలు కౌంటర్‌లో కూర్చునే రోజారాణిని రోడ్డవతలి చాయ్ హోటల్‌కు పిలిచి, ఏడాదిగా గొంతులోనే ఆగిపోతున్న మాట చెప్పేయాలి. మొదటిదానికి బండి, రెండోదానికి లాప్‌టాప్ ఉన్నాయి. మూడోదానికి కావలసిన ధైర్యమే లేదు, పాపం.

పరీక్ష ఎందుకంటే, పోయిన నెల హాలు యజమాని చోటే మియా తన ఫోన్‌లోనూ, రోజారాణి కౌంటర్‌లోనూ ఒకే తేదీని ఒకేసారి ఇద్దరికి ఇచ్చేశారు. రెండు పెళ్లిళ్లవాళ్లు, రెండు బ్యాండు మేళాలు గేటు దగ్గర ఎదురుపడ్డారు. ఒక పెళ్లి హాల్లో జరిగింది, రెండోది పార్కింగ్‌లో. పార్కింగ్‌లో తాళి కట్టించినవాళ్లు చోటే మియా పేరెత్తితే ఇప్పటికీ పళ్లు నూరుతున్నారు. అందుకని ఆయన కొంపల్లిలో సన్నీ పనిచేసే చిన్న కంపెనీకి కబురు పెట్టాడు.

"అసలు బుకింగుల మీద వద్దు చాచా. నకలు ఒకటి పెట్టుకొని దాని మీద టెస్ట్ జేస్త," అన్నాడు సన్నీ.

"అరె, లడాయి అయింది అసలు దాంట్ల గదా? నకలు జూస్తే ఏం తెలుస్తది? అసలు దాని మీదనే జూడు," అన్నాడు చోటే మియా ఫోన్‌లో.

ఆ మాటకు సన్నీ ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది.

సంగతేమిటంటే, డేటాబేస్‌లో ఏది రాసినా 'కమిట్' కొట్టేదాకా అది సగం మాటే. 'రోల్‌బ్యాక్' కొడితే అసలు రాయనట్టే చెరిగిపోతుంది. ఆ సగం మాట పక్కవాడి కంటపడాలా వద్దా అన్నది ఐసోలేషన్ అనే సెట్టింగు చేతిలో ఉంటుంది. ముందు రోగమేమిటో చూసి, తర్వాత మందు వేద్దామని సన్నీ ఆ సెట్టింగును అన్నిటికన్నా కిందికి దించాడు. అంటే ఇంటి తలుపులన్నీ తన చేతులతోనే బార్లా తెరిచాడన్నమాట.

"టెంట్ హౌస్‌వోళ్లు వచ్చిన్రు. కుర్చీలు చూపిచ్చి వస్త. నా టేబుల్ ఆగం చెయ్యకు," అని చెప్పి రోజారాణి తాళంచెవుల గుత్తి తీసుకొని వెళ్లింది.

పరీక్షకు ఉత్తుత్తి బుకింగ్ ఒకటి కావాలి. బుద్ధి ఉన్నవాడెవడైనా ఏబీసీ అనో ఎక్స్‌వైజెడ్ అనో కొడతాడు. మనవాడు వరుడి గడిలో తన పేరు కొట్టాడు. అటూ ఇటూ చూసి, వధువు గడిలో రోజారాణి పేరు కొట్టాడు. మూఢం రాకముందు మిగిలిన ఆఖరి ముహూర్తం తేదీ ఎంచుకున్నాడు. కమిట్ చేయలేదు కదా, ఎవరు చూస్తారు అనుకొని, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ఆ రెండు పేర్లనూ మురిసిపోతూ చూస్తూ కూర్చున్నాడు. తలుపులు తెరిచిన సంగతి ఆ మురిపెంలో మర్చేపోయాడు.

కొంపల్లిలో చాయ్ తాగుతూ ఫోన్‌లో బుకింగులు చూసుకుంటున్న చోటే మియా కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే సన్నీ తండ్రి వీరయ్యకు ఫోన్ కొట్టాడు. వీరయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. హాల్లో దావత్‌లకు చేపలిచ్చేది ఆయనే.

"ముబారక్ వీరయ్యా! కొడుకు పెండ్లి పెట్టుకొని మాకు చెప్పనే చెప్పకపోతివి!"

"ఎవని కొడుకు?"

"నీ కొడుకే! పిల్ల మన రోజారాణి. డేట్ గూడ ఎక్కింది. నా ఫోన్ల సాఫ్ కనిపిస్తాంది."

వీరయ్య పట్టిన చేపలను రోడ్డు పక్కన అమ్మేది రోజారాణి తల్లి బాలనర్సమ్మే. ఆ సమయానికి ఆమె అక్కడే గంప ముందు నిలబడి, తూకం తక్కువుందని ఆయనతో పేచీ పెట్టుకుంటోంది.

"ఏంది చెల్లె, నా కొడుకు నీ బిడ్డను చేసుకుంటాండట. నీకు ఎరికేనా?"

"నాకెట్ల ఎరికైతది? నీ కొడుకు సంగతి నీకే ఎరిక లేకపాయె!"

ఇద్దరూ కాసేపు పిల్లల్ని తిట్టుకున్నారు. మాకు ఒక్క మాట చెప్పొద్దా అని బాధపడ్డారు. కానీ తిడుతున్నకొద్దీ ఇద్దరికీ లోపల సంతోషం మొదలైంది.

"పోరడు మంచోడే తియ్యి," అంది బాలనర్సమ్మ.

"నీ బిడ్డకేం తక్కువ? అంత పెద్ద హాలును ఒక్కతే నడిపిస్తాంది," అన్నాడు వీరయ్య. ఉన్నవాటిలో పెద్ద రవ్వ చేపను తీసి, తూకం వేయకుండానే ఆమె గంపలో పెట్టాడు. వాళ్ల వ్యాపారంలో అలాంటిది అంతకు ముందెప్పుడూ జరగలేదు.

సరిగ్గా అప్పుడే తూంకుంటలో తాళంచెవుల చప్పుడు విని, సన్నీ గాభరాగా రోల్‌బ్యాక్ కొట్టాడు.

మళ్లీ ఫోన్ మోగింది. "వీరయ్యా, పరేషాన్ గాకు. పెండ్లి క్యాన్సిల్ అయింది."

"ఎవరు జేసిన్రు?"

"గది రాసి లేదు. పేర్లే మాయమైనయ్!"

బాలనర్సమ్మ రవ్వ చేపను గంపలోంచి తీసి ఆయన కాళ్ల ముందు పడేసింది. "నా బిడ్డల ఏం వంక జూసిండు నీ కొడుకు?"

"నీ బిడ్డనే వద్దన్నదేమో, ఎవరికెరుక!"

హాలుకే వెళ్లి తేల్చుకుందామని ఇద్దరూ తూంకుంటకు బయల్దేరారు. దొరికింది ఒక్కటే ఆటో. ఆయన ఈ పక్క పొలాలను, ఆమె ఆ పక్క ప్లాట్లను చూస్తూ కూర్చున్నారు. వాళ్లు దిగేసరికి చోటే మియా కూడా స్కూటర్ మీద వచ్చేశాడు. నిప్పు పెట్టినవాడు ఆర్పడానికి రాకపోతే ఎలా?

బాలనర్సమ్మ నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లింది. "ఏమయ్యా, నా బిడ్డను చేసుకుంటనని రాసి, మల్ల ఎందుకు కొట్టేసినవ్?"

"ఎవర్ని చేసుకునుడమ్మా?" రోజారాణి తల్లిని చూసింది. తర్వాత సన్నీని చూసింది.

సన్నీ లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. "గది టెస్టింగ్ అత్తా. కమిట్ చెయ్యలే. అసలు ఎవ్వరికి కనపడద్దు. మనసుల అనుకున్న మాట అసువంటిది..."

"అంటే మనసుల అనుకున్నవా?" అంది రోజారాణి.

ఐసోలేషన్ గురించి చెప్పబోయి ఎక్కడ చిక్కుకున్నాడో సన్నీకి అప్పుడు అర్థమైంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఏడాది సంది అనుకుంటున్న. ఇయ్యాల చాయ్ తాగేటప్పుడు చెప్దామనుకున్న. నువ్వు వద్దంటవేమోనని భయమైంది."

రోజారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "రాసేటప్పుడు నన్ను అడగలే. తుడిచేటప్పుడు గూడ అడగలే. నేను ఏమంటనో గూడ నువ్వే అనేసుకుంటివి. జర నన్ను అడగాల్నా, వద్దా?"

టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలు దించడం ఆపేశారు.

"నన్ను చేసుకుంటవా?" అన్నాడు సన్నీ.

రోజారాణి చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ముందుగాల గా సెట్టింగ్ సక్కగ పెట్టు. మల్ల రాస్తే ఊరంత జూస్తది."

ఇంతకన్నా స్పష్టంగా ఒప్పుకున్న ఆడపిల్ల ఆ చుట్టుపక్కల ఉండదు. చోటే మియా పెద్దవాళ్లిద్దరినీ వెంటబెట్టుకొని బయట కొత్త కుర్చీల దగ్గరికి తీసుకెళ్లి చాయ్ తెప్పించాడు.

లోపల సన్నీ సెట్టింగును పైకెత్తాడు. తేదీకి లాక్ పెట్టాడు. ఇకనుంచి ఒక తేదీని ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లదే, వెనక వచ్చినవాళ్లు ఆగాల్సిందే. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అతని పేరు ఆమె కొట్టింది, ఆమె పేరు అతను కొట్టాడు. అదే ఆఖరి ముహూర్తం. బటన్ నొక్కారు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది, తిరుగుతూనే ఉంది.

"ఎవరో పట్టుకున్నరు," అన్నాడు సన్నీ మెల్లగా.

"ఎవరు పట్టుకుంటరు? కౌంటర్ల నేనే ఉంటి గదా!"

చక్రం ఆగింది. 'ఈ తేదీ ఖాళీ లేదు' అని వచ్చింది. ఆ తేదీ దాటితే మూఢం, మళ్లీ నెలల తరబడి ముహూర్తాల్లేవు. సన్నీ తల పట్టుకున్నాడు. ఏడాది పట్టి అడిగితే దొరికిన పెళ్లి, తాను పెట్టిన లాకుకే బలైపోయింది.

రోజారాణి బయటికి పరుగెత్తింది. "సేట్! గా ముహూర్తం ఎవరికిచ్చిన్రు?"

చోటే మియా చేతిలో ఫోన్ ఉంది. దాని మీదికి ఒక పక్క నుంచి వీరయ్య, ఇంకో పక్క నుంచి బాలనర్సమ్మ తలలు వంచి చూస్తున్నారు. వీరయ్య తలెత్తి నవ్వాడు.

"మీకే బిడ్డ! మీరు మల్ల రాస్తరు, మల్ల తుడుస్తరు, మీతోని గాదని మేమే పక్కా జేసినం."

"మమ్మల్ని అడిగిన్రా?" అంది రోజారాణి.

బాలనర్సమ్మ మోచేతికి అంటుకున్న చేప పొలుసును చాలా శ్రద్ధగా గీక్కుంటోంది.

సన్నీ లోపలికి వెళ్లి, కంపెనీకి పంపాల్సిన రిపోర్టులో ఇలా రాశాడు: "ఒకే తేదీకి ఒకేసారి రెండు బుకింగులు వచ్చాయి. ఒక్కటే నిలిచింది. లాక్ పనిచేస్తోంది."