మంచు మీద పులి బ్లాంకెట్లు

శుక్రవారం పొద్దున బుచ్చన్న స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని డ్యూటీకి బయల్దేరాడు. బయట అప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు. బస్టాపులో నిలబడ్డ నేపాలీలు ఆయన్ని ఓసారి చూసి కొంచెం పక్కకు జరిగారు. నాలుగేళ్ళుగా జరుగుతూనే ఉన్నారు.

ఖతార్‌లోని అల్ సద్‌లో ఒక మాల్ కింది అంతస్తులో ఐస్ హాకీ ఆడే చోటుంది. అక్కడి మంచును చదును చేసే బండి నడపడం బుచ్చన్న పని. ఆటగాళ్ళు కత్తుల బూట్లతో మంచంతా గీరి పాడుచేస్తారు. బుచ్చన్న బండెక్కి పైపొర చెక్కి, వేడినీళ్ళు పోసుకుంటూ, పొలంలో సాళ్ళు తోలినట్టు వరసగా తిరిగి మళ్ళీ అద్దంలా చేస్తాడు. అంతకుముందు ఆరేళ్ళు ఎండలో ఇనుప పైపులు మోస్తూ పరంజాల మీద బతికాడు. ఆ కాలిన మచ్చలు అరచేతుల్లో ఇంకా ఉన్నాయి. దేశం మొత్తానికి డ్యూటీలో వణికే అదృష్టం తనకే దక్కిందని ఆయన లోలోపల మురిసిపోతుంటాడు.

ఊళ్ళో ఉన్న భార్య బాలవ్వ మాత్రం ఇదంతా నమ్మదు. "దుబాయ్‌ల మంచేంది? అవుతలోళ్ళకు చెప్తే నవ్వుతున్నరు. నిజం పని ఏందో చెప్పరాదు" అంటుంది ఫోన్లో. ఇది ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకది దుబాయే.

ఆరోజు బుచ్చన్న పెట్టుకున్న పనులు మూడే. మూడింటి మ్యాచికి మంచు సిద్ధం చేయాలి. ఆట మధ్యలో రెండుసార్లు బండి తిప్పాలి. సాయంత్రం కూలీలుండే క్యాంపుకు పోయి తలకాయ కూర వండుకోవాలి.

గేటు దగ్గరే మేనేజర్ సాలమన్ కాపేసి ఉన్నాడు. ఆయనది అమలాపురం దగ్గర పల్లె. ఎప్పుడూ టై కట్టే ఉంటాడు. ఆరోజు టై వెనక్కి తిరిగి ఉంది.

"బుచ్చన్నా, నీతో చిన్న పనుందయ్యా. పని చిన్నదే, తేడా వచ్చిందంటే మాత్రం మనందరికీ సెలవే."

"ఏమైంది సార్?"

"ఏమవ్వలేదో అడుగు. లీగులో మూడు టీములుండేవా? ఒకటి రంజాన్‌కి ముందే మూసేశారు. మిగిలింది మనం, ఎదుటోళ్ళు. గెలిస్తే ఫస్టు, ఓడితే సెకండు. ఇంక చూసేదెవరు? పోయిన శుక్రవారం పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు ఆటగాళ్ళ భార్యలు."

బుచ్చన్నకు ఆ లెక్క తెలుసు. ఆ పదకొండు మందిలో ఒకాయన ఫోన్ చార్జింగ్ కోసం వచ్చాడని కూడా తెలుసు. కెనడా నుంచి వచ్చిన కెప్టెన్‌కు మూడు నెలలుగా జీతం లేదు. గోల్ కాసే గోలీ పొద్దునపూట పిల్లలకు స్కేటింగ్ నేర్పుకుంటూ నెట్టుకొస్తున్నాడు. గురువారం ఫర్నిచర్ షాపు వాళ్ళొచ్చి మంచు చుట్టూ టేపు పెట్టి కొలుచుకుపోయారు. సోఫాలు ఎక్కడ పెట్టాలో కూడా మాట్లాడుకున్నారు.

"ఇయ్యాళ అల్ షహానియా నుంచి ఒక అర్బాబ్ వస్తున్నాడు" అన్నాడు సాలమన్. పెద్ద యజమానిని అక్కడ అందరూ అర్బాబ్ అనే అంటారు. "ఒంటెల దాణా వ్యాపారం. ఒంటె పందేలంటే ప్రాణం. నచ్చితే ఏడాదంతా టీముని పోషిస్తాడు. నచ్చకపోతే వచ్చే నెల ఇక్కడ సోఫాలు. నిన్ను కంపెనీ మళ్ళీ సైటుకే పంపుద్ది."

బుచ్చన్న అరచేతులు ఓసారి చూసుకున్నాడు. "నేనేం చెయ్యాలె?"

"జనం కావాలి. మీ క్యాంపులో ఎంతమందుంటారు? బిర్యానీ నేను పెట్టిస్తాను."

బుచ్చన్న ఉండే ఉమ్ సలాల్ క్యాంపులోనే ఆయన బామ్మర్ది భూమేష్ కూడా ఉన్నాడు. బాలవ్వకు తమ్ముడు. క్యాంపులో ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరి పాస్‌పోర్టు పోయినా ముందు అతనికే తెలుస్తుంది. బుచ్చన్న ఫోన్ చేశాడు.

"నూటయాభై మందిని తేవాలె, భూమేష్."

"ఏం ఆట బావా?"

"కట్టెలతోని బిళ్ళను కొడ్తరు."

"చిర్రగోనె లెక్కనా?"

"గసొంటిదే. మంచు మీద ఆడ్తరు."

"బిర్యానీ ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ఆట సంగతి మనకెందుకు బావా!"

ఒంటిగంటకల్లా క్యాంపు బస్సులు మూడొచ్చి ఆగాయి. నూటయాభై అనుకుంటే నూట ఎనభై మంది దిగారు. అందరూ తలకు నూనె పెట్టి దువ్వుకున్నారు. అందరివీ పొట్టి చేతుల చొక్కాలు, కాళ్ళకు చెప్పులు. సాలమన్ మెట్ల మీద నిలబడి లెక్కపెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, టై సరిచేసుకున్నాడు.

బిర్యానీ అయిపోయేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత చలి మొదలైంది. ముందు వరస వాళ్ళు చేతులు చంకల్లో పెట్టుకున్నారు. రెండో వరస వాళ్ళు ఒకరి మీద ఒకరు ఒరిగారు. రెండుంపావుకు మెల్లగా ఒక్కొక్కరే లేచి బయటికి పోయారు. సాలమన్ వెతుక్కుంటూ పోయి చూస్తే, నూట ఎనభై మందీ పార్కింగులో నిట్టనిలువు ఎండలో, కార్లకు వీపులు ఆనించి కాగుతున్నారు.

"లోపలికి రండయ్యా బాబూ! మీకు దండం పెడతాను!"

"పండ్లు గిజగిజ కొట్టుకుంటున్నయ్ సార్" అన్నాడు భూమేష్. "మా బావ మనిషా, ఐస్‌క్రీమా? నాలుగేండ్లు ఎట్లుండె గిండ్ల?"

అప్పుడే బుచ్చన్నకు ఒక ఆలోచన వచ్చింది. తర్వాత జరిగిన వాటన్నిటికీ అదే కారణం.

సెలవు మీద ఊరికి పోయే ఏ మనిషీ బ్లాంకెట్ లేకుండా పోడు. మెత్తటిది, బరువైంది, మీద పెద్ద పులిబొమ్మో గులాబీ పువ్వో ఉన్నది. ఆర్నెల్ల ముందే కొని మంచం కింద దాచుకుంటారు. జిప్పున్న ప్లాస్టిక్ సంచి మీద మార్కర్‌తో అత్త, పెద్దక్క, సర్పంచ్ అని పేర్లు కూడా రాసి ఉంటాయి. బ్లాంకెట్ తేలేదని ఏళ్ళ తరబడి మాట్లాడుకోని వియ్యంకులున్నారు.

"క్యాంపుల బ్లాంకెట్లున్నయి గదా. తెండ్రి" అన్నాడు బుచ్చన్న.

"కొత్తయి బావా! అక్కకని కొన్న!"

"అక్కకు నేన్ చెప్త."

ఒక బస్సు ఉమ్ సలాల్‌కు పరుగెత్తింది. అది తిరిగొచ్చేసరికి మూడున్నర; అందాకా సాలమన్ ఆట మొదలుపెట్టనివ్వలేదు. ఈలోపు అర్బాబ్ రానే వచ్చాడు. తెల్లటి పొడుగు చొక్కా, నెరిసిన గడ్డం, చేతిలో తస్బీ జపమాల. ఖాళీ కుర్చీలకేసి చూసి సాలమన్‌ను అడిగాడు. ఒంటెల కాపరుల దగ్గర నేర్చుకున్న హిందీ ఆయనది. దాన్ని సాలమన్ తనకు తాను తెలుగు చేసుకుని వింటాడు.

"పబ్లిక్ మాఫీ?" జనం లేరా అని.

"వస్తున్నారు సార్. నమాజుకెళ్ళారు."

శుక్రవారం నమాజు అయిపోయి మూడు గంటలైందని అర్బాబ్‌కు తెలుసు. ముందు వరసలో కూర్చుని తస్బీ తిప్పసాగాడు.

తలుపు తెరుచుకుంది. నూట ఎనభై మంది ముక్కుదాకా బ్లాంకెట్లు కప్పుకుని, కళ్ళు మాత్రమే కనిపించేట్టు, వరసగా లోపలికొచ్చి కూర్చున్నారు. నూట ఎనభై పులులు, గులాబీలు, నెమళ్ళు. ఒకాయన అత్తగారి బ్లాంకెట్ మాసిపోతుందని ప్లాస్టిక్ సంచితో సహా కప్పుకున్నాడు. కదిలినప్పుడల్లా ఆయన గరగరలాడుతున్నాడు.

అర్బాబ్ చాలాసేపు చూశాడు. "ఏ ఆసుపత్రి వీళ్ళది?"

"ఆసుపత్రి కాదు సార్, ఫ్యాన్స్" అన్నాడు సాలమన్.

ఆట మొదలైంది. రబ్బరు బిళ్ళ ఇటు పోయింది, అటు పోయింది. కెప్టెన్ గోల్ వేశాడు. చప్పట్లు లేవు. చప్పట్లు కొట్టాలంటే చేతులు బయటికి తీయాలి. ఒక్క ప్లాస్టిక్ సంచి మాత్రం గరగరలాడింది. అర్బాబ్ తస్బీ తిప్పడం ఆపేసి వాచీ చూసుకున్నాడు.

మొదటి విరామం. పెద్ద గేటు తెరుచుకుని బుచ్చన్న బండి మెల్లగా మంచు మీదికి వచ్చింది.

అంతే, బ్లాంకెట్లన్నీ ఒక్కసారి లేచాయి. "ఓ బుచ్చన్నా!" అని భూమేష్ అరిచాడు. "గదే మా బావ! జూడుండ్రి, సాలు ఎట్ల తోల్తున్నడో!" ఈలలు పడ్డాయి. వెనక వరసలో ఎవరో పళ్ళెం వాయించారు. బుచ్చన్న మలుపు తిప్పిన ప్రతిసారీ హాలు దద్దరిల్లింది. ఆయన తల కూడా తిప్పకుండా, సాలు పక్కన సాలు, జాన కూడా వదలకుండా దున్నుకుంటూ పోయాడు.

అర్బాబ్ ముందుకు వంగాడు. "ఈయన ఎవరు? పెద్ద ఆటగాడా?"

నిజం చెప్పే ధైర్యం సాలమన్‌కు అప్పుడు లేదు. "అవును సార్. సీనియర్."

"ఎన్ని గోల్స్ వేస్తాడు?"

"వెయ్యడు సార్. ఆయన పద్ధతి వేరు."

అర్బాబ్ గౌరవంగా తల ఊపాడు.

రెండో భాగంలో మన కెప్టెన్‌ను ఎదుటి టీము ఏడో నంబరువాడు అదను చూసి గుద్దాడు. ఇద్దరూ చేతి తొడుగులు విసిరేసి, చొక్కాలు పట్టుకుని, పిడిగుద్దులకు దిగారు. ఐస్ హాకీలో ఇది మామూలే. రిఫరీ కూడా కాసేపు చూస్తూ నిలబడతాడు. ఇద్దరూ అలిసిపోయాక పక్కన కూర్చోబెడతాడు.

ఆ సంగతి క్యాంపు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. క్యాంపులో ఇద్దరు చెయ్యి చేసుకుంటే పోలీసులొస్తారు. కొట్టినవాణ్ణీ, తిన్నవాణ్ణీ, పక్క మంచంలో పడుకున్నవాణ్ణీ కూడా తీసుకుపోతారు. తర్వాత వీసా క్యాన్సిల్, నెత్తిన పెట్టె. అందుకని కొట్లాట కనబడితే అన్నం ముద్ద పక్కన పెట్టయినా పరుగెత్తి విడిపించడం అక్కడ అందరికీ అలవాటు.

"కొట్లాట! ఇడిపియ్యుండ్రి! అందరం పోతం!" అని భూమేష్ దూకాడు.

బండి గేటు తెరిచే ఉంది. బుచ్చన్న అడ్డం నిలబడి చేతులు చాపాడు. "ఆగుండ్రి! అది ఆటనేరా!"

"రక్తం కారుతుంటె ఆటేంది బావా!"

నూట ఎనభై మందీ చెప్పులతో మంచు మీదికి వచ్చారు. మొదటి అడుగు వరకే వాళ్ళు పరుగెత్తారు. ఆ తర్వాత వాళ్ళను మంచే తీసుకుపోయింది. పడ్డవాడు బ్లాంకెట్ మీద పడ్డాడు. బ్లాంకెట్ బుచ్చన్న నున్నగా చేసిన మంచు మీద జారింది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, పులుల మీద, గులాబీల మీద, ఆ చివరిదాకా బారులు తీరి పోయారు. కొట్టుకుంటున్న ఇద్దరూ చేతులు ఆపి, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. భూమేష్ పసుపు పులి మీద వాళ్ళ కాళ్ళ సందులోంచి దూసుకుపోతూ, "ఇడిసిపెట్టుండ్రి అన్నా, ఇంట్ల పిల్లలుంటరు!" అని చెప్పి, రబ్బరు బిళ్ళతో సహా గోల్లోకి పోయాడు. బోర్డు మీద ఒకటి పెరిగింది.

సాలమన్ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. పక్కన దబదబమని చప్పుడైంది. అర్బాబ్ వెళ్ళిపోతున్నాడనుకున్నాడు.

అర్బాబ్ రెయిలింగ్ మీద రెండు చేతులతో బాదుతున్నాడు. "యల్లా! యల్లా పసుపు! ఎర్ర గులాబీని దాటు! యల్లా!" తస్బీ ఎక్కడో పడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఒంటె పందేలు చూస్తున్నాడుగానీ, పోయేవాడికే ఎటు పోతున్నాడో తెలియని పందెం ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టారు. ఈసారి వరసలో నిలబెట్టి మరీ వదిలారు. అత్తగారి ప్లాస్టిక్ సంచి గెలిచింది. అది అన్నిటికంటే బాగా జారుతుంది.

చివరికి అర్బాబ్ బుచ్చన్నను పిలిపించాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత జనం చూస్తుంటే తల తిప్పకుండా బండి నడిపావు. నాతో షహానియా రా. పందెంలో ఒంటెల పక్కన నా కారు నడుపు. ఇక్కడిచ్చే దానికి రెట్టింపు ఇస్తాను."

భూమేష్ మోచేత్తో పొడిచాడు. "ఒప్పుకో బావా, కిస్మత్ తలుపు కొడ్తుంది."

బుచ్చన్న కళ్ళ ముందు షహానియా ఎండ, ఇసుక, ఇనుము కదిలాయి. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. వచ్చిన నాలుగు ముక్కల హిందీలో అంతా చెప్పేశాడు. "నేను ఆటగాణ్ణి గాను, అర్బాబ్. మంచు దున్నేటోణ్ణి. ఎండల నాతోని గాదు. ఈ ఆట మూతపడితె నన్ను ఎండలకే తోల్తరు. అందుకే బిర్యానీ పెట్టి మా క్యాంపోళ్ళను తోలుకొచ్చిన."

సాలమన్ టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఇంక దానితో పని లేదనుకున్నాడు.

అర్బాబ్ సాలమన్‌కేసి చూశాడు, బుచ్చన్నకేసి చూశాడు. "మటన్ బిర్యానీనా, చికెనా?"

"చికెన్ సార్" అన్నాడు సాలమన్ నూతిలోంచి మాట్లాడినట్టు.

"అందుకే చప్పట్లు కొట్టలేదు. నా పందేలకు నా తోటల మనుషుల్నే తోలుకొస్తాను. మటన్ పెడతాను." అర్బాబ్ లేచాడు. "ఏడాదికి నేను చూసుకుంటాను. మంచు ఈయన చేతిలోనే ఉండాలి. బ్లాంకెట్లు ప్రతి శుక్రవారం ఉండాలి. ఆ కర్రలవాళ్ళు కూడా ఉండనీ, పాపం, దూరం నుంచి వచ్చారు."

ఆ రాత్రి బుచ్చన్న బాలవ్వకు వీడియో పంపాడు. మంచు, బండి, మొగుడు, అన్నీ కనిపించాయి. ఆమె రెండుసార్లు చూసి అడిగింది, "గా పసుపు పులి బ్లాంకెట్ నాకని కొన్నదేనా? దాని మీద మా తమ్ముడు ఎందుకు కూసున్నడు?"

వారం తిరిగేసరికి మాల్ గోడ మీద పెద్ద పోస్టర్ వెలిసింది. నడుమ బండి మీద బుచ్చన్న, చుట్టూ బ్లాంకెట్ల మీద క్యాంపు వాళ్ళు. అన్నిటికంటే కింద, కంటి డాక్టరు చదివించే ఆఖరి వరసంత చిన్న అక్షరాల్లో, మధ్యమధ్యలో ఐస్ హాకీ కూడా ఉంటుందని రాశారు.