నాడి అందడం లేదు

గురువారం చెయ్యాల్సిన పనులన్నీ బీరువా తలుపుకు అంటించిన కాగితం మీద ఉన్నాయి. ఏడుంబావుకు స్నానం. ఎనిమిదికి బస్సు. మూడింటిదాకా ల్యాబు. నాలుగింటికి టైపు టీచరుగారి ఇల్లు, మేడమీద పోర్షన్, తాళంచెవి. చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు వచ్చినా ఇంకా 'చిన్నది' అనే పిలిచే ఇంట్లోంచి బయటపడే రోజుకు రెండు గీతలు ఎక్కువేం కాదు.

చిన్నది పళ్ల సెట్లు కడుతుంది. డాక్టర్లు పంపిన దవడ అచ్చులు ముందు పెట్టుకుని, మైనంలో పన్ను పక్కన పన్ను నిలబెట్టి, కొరికే చోట కొరికేలా, నవ్వే చోట నవ్వేలా సరిచేస్తుంది. పదమూడేళ్లలో ఆమె కట్టిన సెట్టు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. పళ్లతో ఆమెకు ఏ పేచీ లేదు. వాటి మధ్యలోంచి వచ్చే మాటలతోనే తంటా. ఫోన్లో అయితే ఎదుటి మనిషి మొహం కనబడక మాటలన్నీ కలగాపులగం అయిపోతాయి. చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటే ఒళ్లు ఝల్లుమంటుంది. గోల మరీ ఎక్కువైతే నోట మాట రాదు. అందుకే జేబులో ఎప్పుడూ ఓ చీటీల పుస్తకం, పెన్సిలు ఉంటాయి. పనిలో పడితే ఆకలి కూడా తెలియదు. దీన్ని ఆటిజం అంటారని ముప్పయ్యో ఏట ఒక డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆమెకు ప్రాణం తెరిపిన పడింది. ఇంట్లోవాళ్లకు మాత్రం కంగారు పట్టుకుంది. అన్నేళ్లూ కళ్లముందు తిరిగిన మనిషి ఆ పూటే కొత్తగా మారిపోయినట్టు చూడడం మొదలుపెట్టారు.

నెలన్నర కిందట ఆమె అక్కకు ఒక కాగితం రాసిచ్చింది. 'వేరే ఉంటాను. మూడు సాయాలు కావాలి. ఒకటి, ఫోన్ చెయ్యాల్సి వస్తే నా బదులు చెయ్యాలి. రెండు, ఎవరు రావాలన్నా ముందురోజు చెప్పాలి. మూడు, రోజుకొకసారి తిన్నావా అని అడగాలి. నాలుగోది లేదు.' ఇంతకంటే వివరంగా ఎవరూ ఏదీ అడగలేరు. అక్క ఆ కాగితాన్ని బావకిచ్చింది. బావ చదివాడు, తల పంకించాడు, వెళ్లి వాచీ కొనుక్కొచ్చాడు.

బావ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచి చెయ్యాలని కంకణం కట్టుకున్నవాళ్లతో ఆ వీలు కూడా ఉండదు. మనకేం కావాలో మనకంటే ముందు వాళ్లకే తెలిసి ఉంటుంది కాబట్టి, మనం చెప్పేది వినాల్సిన పని వాళ్లకు ఉండదు.

"ఇది రాత్రీపగలూ నాడి చూస్తుంది చిన్నదానా," అన్నాడు బావ, వాచీ ఆమె చేతికి కడుతూ. "కంగారు పడితే పసుపు. ఇంకా పడితే నారింజ. చెయ్యి దాటిందంటే ఎరుపు. ఏడుగురికి మెసేజ్ వెళ్తుంది, అంబులెన్సుకు కూడా. నువ్వెవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు."

"నాకు కంగారు లేదు బావగారూ. ఫోన్ చెయ్యడమే కష్టం. మీరు చేస్తే చాలు."

"నేను చెప్పేదీ అదే. చెయ్యక్కర్లేదు."

బావ ఒక షరతు కూడా పెట్టాడు. ముప్పై రోజులు ఎరుపు రాకుండా గడిస్తే తనే వచ్చి టైపు టీచరుగారి దగ్గర పూచీ పడతాడు. ఇంట్లోవాళ్లు ఒకరు పూచీ పడందే ఒంటరి మనిషికి ఇల్లివ్వనని ఆవిడ అప్పటికే చెప్పేశారు. అందుకని చిన్నది ఒప్పుకుంది. వాచీ పట్టీకి తాళం ఉంది, అది బావ ఫోనుకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. ఇరవై తొమ్మిది రోజులు ఆమె పంటి బిగువున నెట్టుకొచ్చింది. కోపం వచ్చినప్పుడల్లా బాత్రూములో తలుపేసుకుని, ముప్పై రెండు పళ్ల పేర్లు కుడి నుంచి ఎడమకు వరసగా చెప్పుకుని బయటికి వచ్చేది.

చివరి రోజు బాగా గడవాలని బావ బుధవారం సాయంత్రం ఆ వాచీకి మాటలు నేర్పాడు. సెట్టింగుల్లో 'మాటసాయం' అని ఒకటి కనిపిస్తే నొక్కి వదిలాడు. ఆ సంగతి చిన్నదానికి చెప్పలేదు. ఆమె కోసమే కదా చేస్తున్నది, ఆమెకు చెప్పడమెందుకు.

గురువారం పదకొండు గంటలకు చిన్నది ఓ పెద్దాయన పైదవడ సెట్టులో చివరి పన్ను కూర్చుతోంది. ఊపిరి బిగబట్టి చేసే పని అది. పన్ను మైనంలో దిగుతుండగా ఆమె మణికట్టు నుంచి, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతొకటి లేచింది.

"మీ గుండె వేగం కొద్దిగా పెరిగింది. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి."

ఆమె ఉలిక్కిపడింది. పన్ను ఎగిరి బల్ల కిందకు పోయింది. ఉలిక్కిపడితే గుండె వేగం పెరక్క ఏమవుతుంది? పెరిగింది. "మీ గుండె వేగం మరికొంత పెరిగింది," అంది వాచీ, ఇంకాస్త గట్టిగా. ఆ గొంతును గుండె, ఆ గుండెను గొంతు ఎగదోస్తూ పోతే అరనిమిషంలో పసుపు వెలిగింది. పసుపు మెసేజ్ అక్కకు వెళ్లింది. చెల్లెలు సెల్‌ఫోను ఎత్తదని తెలుసు గనక అక్క ల్యాబు ఫోనుకు చేసింది. ల్యాబు యజమాని ఫోను పక్కన పెట్టేసి గబగబా వచ్చి, వెనకనుంచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పదమూడేళ్లలో ఒక్కనాడు కూడా వెయ్యని చెయ్యి అది.

"నువ్వు కంగారు పడుతున్నావట కదమ్మా. కంగారు పడొద్దని మీ అక్కగారు చెప్పమన్నారు."

నారింజ. నారింజ వస్తే ఏడుగురి ఫోన్లూ ఒక్కసారి సైరన్ కూస్తాయి. ఆ ఏడుగురిలో యజమాని ఒకడు. ఆయన జేబులో ఫోను ఆమె చెవికి జానెడు దూరంలో కూసింది.

ఎరుపు.

ముప్పయ్యో రోజు, పదకొండూ ఐదు నిమిషాలకు, ఆమె ఇల్లు పోయింది. ఆ పొద్దుట ఆమెకు ఏ కష్టమూ రాలేదు, ఏ జబ్బూ చెయ్యలేదు. ఆ వాచీ తప్ప ఆమెను కలవరపెట్టినది మరొకటి లేదు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయిందంటారు. ఇక్కడ కోతికి అసలు పుండే లేదు. చిన్నదానికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మాత్రం పెగల్లేదు.

"సహాయం బయలుదేరింది," అంది వాచీ. "మీరు ఒంటరి కాదు."

ఆ గొంతు ఆపడం ఒక్కటే ఆమెకు అప్పుడు కావలసింది. ఎదురుగా అచ్చులు పోసే ప్లాస్టరు డబ్బా ఉంది. పనిమంతురాలు గనక పద్ధతిగానే చేసింది. ఎండాక ఒంటికి పట్టుకోకుండా ముందు మణికట్టుకు వాజలైన్ రాసింది, వాచీ కిందికి కూడా వేలు దూర్చి రాసింది. రబ్బరు గిన్నెలో పొడీ నీళ్లూ కలిపి, వాచీతో సహా అరచేతి నుంచి మోచేతి దాకా మందంగా మెత్తింది. పది నిమిషాల్లో గట్టిపడింది. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టయి, ఆగిపోయింది. ఆమె ల్యాబు మూలకు స్టూలు లాక్కుని, చెవులకు బిరడాలు పెట్టుకుని, గోడకేసి తిరిగి కూర్చుంది.

నాడి చూసే కన్ను వాచీ అడుగున ఉంటుంది. దాని మీద ఇప్పుడు వేలెడు వాజలైన్. గొంతు మూతపడ్డా వాచీ తన ధర్మం మానలేదు. ఏడుగురికీ మెసేజ్ పంపింది: 'మీ ఆత్మీయురాలి నాడి అందడం లేదు.'

ఈ మాటను ఏ ఒక్కరూ చదివింది చదివినట్టుగా ఇంకొకరికి చెప్పలేదు. పెద్దమ్మకు చేరేసరికి అది 'నాడి లేదు' అయింది. ఆవిడ అక్కకు ఫోన్ చేసి, బంగారంలాంటి పిల్ల అనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ శోకాలు మొదలుపెట్టింది. అక్క ఆ శోకం స్పీకర్లో పెట్టుకునే ఆటోలో వచ్చింది. బావ ఆఫీసు నుంచి ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో వచ్చాడు. అంబులెన్సు కూతపెడుతూ వచ్చింది. లోపల అచ్చులూ మైనమూ తప్ప ఏమీ పట్టని గదిలో పదిమంది పోగయ్యారు.

"ఎక్కడ పడ్డారమ్మా?" అంది అంబులెన్సు నర్సు, ఆ తెల్లటి చెయ్యి చూసి. "కట్టు భలే నున్నగా కట్టారే. ఎవరు కట్టింది?"

చిన్నది చీటీ రాసి పైకెత్తింది. 'నేను బాగానే ఉన్నాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకండి.'

అక్క అది లాక్కుని, "పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదట," అని గదంతా వినబడేలా చదివింది. "ఏం మాట్లాడకూడదట?" అన్నాడు యజమాని. "ఏమీ మాట్లాడకూడదట," అని బావ అంతకంటే గట్టిగా చెప్పాడు. ఫోన్లోంచి పెద్దమ్మ, "ఏమంటోంది, ఏమంటోంది?" అని అడిగితే ముగ్గురూ కలిసి ఆవిడకు మళ్లీ మొదటినుంచి వినిపించారు. తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మంలోనే ఆ చీటీ పైకి చదివి చెప్పారు. ఆ చీటీని చదవనివాడు లేడు, పాటించినవాడూ లేడు.

అప్పుడు టైపు టీచరుగారు వచ్చారు. ఏడుగురిలో ఆవిడ ఒకరు. ఆవిణ్ణి అడగకుండానే బావ ఆవిడ నంబరు ఎక్కించేశాడు. తన మేడ మీదికి రావాల్సిన మనిషికి నాడి లేదని తెలిసి, తాళంచెవి సంచిలో వేసుకుని, అడ్రసు పట్టుకుని వచ్చారు. గుమ్మంలో చదివి వినిపించబోతే చెయ్యి అడ్డంపెట్టి, చీటీ తీసుకుని ఆవిడే చదువుకున్నారు. ఒక స్టూలు తెచ్చుకుని, చిన్నదానికి కాస్త ఎడంగా కూర్చున్నారు. పెన్సిలు ఇమ్మని సైగ చేశారు.

'పోయిందెవరు?' అని రాశారు.

'ఎవరూ పోలేదు. వాచీ.' అని రాసి, చిన్నది తెల్లటి చెయ్యి చూపించింది.

'మీకు పూచీ పడే మనిషి వీళ్లలో ఎవరు?'

చిన్నది పెన్సిలుతో బావను చూపించింది. ఆయన ఆ సమయంలో అంబులెన్సు డ్రైవరుకు వాచీలో ఏ రంగు వస్తే ఏం చెయ్యాలో వివరిస్తున్నాడు. టీచరుగారు ఆయన్ని చాలాసేపు చూశారు.

చిన్నది లేచి, ప్లాస్టరు కత్తితో పొడుగునా గాటు పెట్టుకుని, చిన్న సుత్తితో రెండు దెబ్బలు కొట్టింది. ప్లాస్టరు రెండు చెక్కలుగా విడిపోయింది. ఆ దెబ్బకు పట్టీ తాళం కూడా విరిగింది. వాచీ బల్ల మీద పడి, "నాడి అందడం లేదు," అంది.

"విరగ్గొట్టావా?" అన్నాడు బావ. "ఎరుపు రానే వచ్చింది. షరతు షరతే చిన్నదానా. ఇంకో ముప్పై రోజులు చూద్దాం."

ఆ మాటతో ఆమె నోరు పెగిలింది.

"షరతు పెట్టడానికి నేనేమన్నా మీ ఇంట్లో నేరం చేశానా బావగారూ? మూడు అడిగాను. కాగితం మీద రాసిచ్చాను. నా బదులు ఒక్క ఫోన్ చెయ్యమంటే, ఏడుగురి చేత సైరన్ కూయించారు. వచ్చేముందు చెప్పమంటే, అంబులెన్సు కూడా చెప్పకుండానే వచ్చింది. రోజుకొకసారి తిన్నావా అని అడగమన్నాను. ముప్పై రోజులు నిమిషనిమిషం నా నాడి చూశారు. తిన్నావా అని ఒక్క పూట ఒక్కరూ అడగలేదు. నాకు కావలసింది చెయ్యడానికి మీకు చేతకాదు. కావలసింది ఇదీ అని నేను చెప్తే చెవిన పడదు. ఇంక నా చెయ్యి వదిలెయ్యండి."

ఆమె అంత గట్టిగా మాట్లాడడం అక్క ఎప్పుడూ వినలేదు. ఆ రోజులో మొదటిసారి గదిలో చప్పుడు ఆగింది. ఫోన్లో పెద్దమ్మ కూడా ఆగింది.

"అంతా నీ మంచికే కదా," అన్నాడు బావ. అనడమైతే అన్నాడు గానీ మొహం కందగడ్డలా అయింది, చెమటలు కారుతున్నాయి. నర్సు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, చిన్నదాని కోసం తీసిన పట్టీని ఆయన చేతికి చుట్టి బీపీ చూసింది. నూట తొంభై. చిన్నదాని నాడి కూడా చూసింది. డెబ్బై నాలుగు.

"పేషెంటు ఎవరని ఇందాకట్నుంచి అడుగుతూనే ఉన్నాను," అంది నర్సు విసుగ్గా. స్ట్రెచరు తెప్పించింది.

"నాకేం లేదు. నేను బాగానే ఉన్నాను," అన్నాడు బావ. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టీలు బిగించి ఎత్తారు.

అక్క అంబులెన్సు ఎక్కబోతూ వెనక్కి వచ్చింది. చెల్లెల్ని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావుటే?"

"లేదు."

"తిను," అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

జనం పలచబడ్డాక టీచరుగారు తాళంచెవి బల్ల మీద పెట్టారు. "నలభై ఏళ్లు ముప్పై టైపు మిషన్ల మోత మధ్య పాఠం చెప్పానమ్మా," అన్నారు మెల్లగా. "నా నెత్తిమీద చప్పుడు చెయ్యని మనిషి ఉంటే చాలు. పూచీలు వద్దు. వాటిని ఇవాళ కళ్లారా చూశాను. మీవాళ్లు రావాలంటే మాత్రం ముందురోజు చీటీ రాసి పంపాలి. మరో సంగతి, ఆ జాబితాలోంచి నా నంబరు తీసెయ్యమనండి."

చిన్నది తాళంచెవి జేబులో వేసుకుంది. బల్ల కిందికి వంగి పన్ను వెతికి, కడిగి, పెద్దాయన సెట్టులో దాని చోట కూర్చోబెట్టింది. మూడు కాగానే సంచి తీసుకుని, నాలుగింటికల్లా టీచరుగారి ఇంటికి నడిచి వెళ్లింది.

ఆసుపత్రిలో సాయంత్రం డాక్టరు రిపోర్టులన్నీ చూసి, అక్కను పక్కకు పిలిచి, ఈ మనిషిని కొన్నాళ్లపాటు ఇంట్లో ఒంటరిగా వదలొద్దని చెప్పాడు.